పన్నెండుకు రెండు నిమిషాలు

మా పెదనాన్న ఇరవై ఏడేళ్లు ఒకే భవనంలో గడియారాలకు కీ ఇచ్చారు. దేశదేశాల ప్రతినిధులు వచ్చి మాట్లాడుకునే భవనం అది. రోజూ ఏ గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని వెనకుందో, కారణమేమిటో పుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకమంటే ఆయనకు ప్రాణం. అన్నేళ్లలో నాలుగు సెకన్లకు మించిన తేడా అందులో లేదు.

“నా పురుడప్పుడు కూడా కీ ఇచ్చాకే వచ్చారు మహానుభావుడు” అని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆవిడకూ అక్కడే పని. వచ్చినవాళ్ల కోట్లు, గొడుగులు పుచ్చుకుని బిళ్లలు ఇచ్చేది.

ఆయన పదవీ విరమణకు నెల ఉందనగా ఒక సమావేశం జరిగింది. ఒకే సముద్రం చుట్టూ ఉన్న పద్నాలుగు దేశాలు, అందులో విషపు వ్యర్థాలు పారబోయకూడదని ఒప్పందం రాసుకోవాలి. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం పన్నెండు. దాటితే మళ్లీ కూర్చునేది మూడేళ్లకే. రెండు దేశాలు ఒక్క వాక్యం దగ్గర బిగుసుకున్నాయి.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా సభ కార్యదర్శి పెదనాన్న దగ్గరికి వచ్చాడు.

“పెద్దాయనా, సభలో గడియారం ఆపాలి.”

“ఆపడమా?”

“గోడ మీద పన్నెండు కాకపోతే గడువు దాటనట్టే. అందరూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు.”

“నా చేత్తోనా?”

“నన్నెక్కమంటారా నిచ్చెన? ఈ పొట్టతో?”

పెదనాన్న ఎక్కి, లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. నిద్రపోతున్న పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టుందట. పన్నెండుకు రెండు నిమిషాల దగ్గర ముల్లు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, పెద్దమ్మ పనిచేసే కోట్ల గది ఎదుటి గడియారం గంట కొడుతుందని, అది సభలోకి వినిపిస్తుందని. పరుగెత్తారు. తీరా చూస్తే పెద్దమ్మ దాని అద్దం తలుపు తెరిచి, గంట కొట్టే చిన్న సుత్తిని గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది.

“లోపల టిక్కుటిక్కు వినబడలేదు. మీరు ఊరికే ఆపరుగా” అంది.

ఆ తర్వాతి మధ్యాహ్నం గురించి చెప్పేటప్పుడు పెదనాన్న గొంతు తగ్గించేస్తారు. కిటికీల వెలుగు బల్లల మీద మెల్లగా పాకింది. బల్ల మీద పరిచిన పటంలోని నీలం ఒకచోట మెరుస్తూ ఇంకోచోట చీకటవుతూ, నిజంగా నీళ్లున్నట్టు కదిలింది. కసురుకుంటున్నవాళ్ల మాటలు నెమ్మదించాయి. కాలం లేనిచోట తొందరెవరికి? ఎండ నారింజరంగుకు తిరిగి గడియారం ముఖం మీద పడింది. అందులో ఇంకా పన్నెండు కాలేదు. తలుపుకు ఆనుకుని నిలబడ్డ ఆయనకు, తను నీళ్ల అడుగున ఉన్నట్టూ, పైన ఎక్కడో మనుషులు మాట్లాడుకుంటున్నట్టూ అనిపించిందట.

ఐదూ పన్నెండుకి సంతకాలు అయ్యాయి. కార్యదర్శి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

“మీ పుస్తకంలో కావాలని ఆపినట్టు మాత్రం రాయకండి. రేపు ఎవడో అది పట్టుకుని ఒప్పందం చెల్లదంటాడు. కీ ఇవ్వడం మరిచిపోయానని రాసెయ్యండి.”

“అబద్ధం నేను రాయను బాబూ.”

పెదనాన్న చాలాసేపు పుస్తకం ముందు కూర్చున్నారు. చివరికి ‘సభ గడియారం: ఐదు గంటల పద్నాలుగు నిమిషాలు వెనక’ అని రాశారు. కారణం గడిలో ఏమీ రాయలేదు.

పెద్దమ్మ భుజం మీదుగా తొంగిచూసింది. “ఇదేంటండీ? చూసినవాళ్లు మీరే మరిచిపోయారనుకోరూ?”

“అనుకోనీ.”

వీడ్కోలు రోజున పెద్ద అధికారి నాలుగు మంచి మాటలు చెప్పి, నవ్వుతూ, “ఆఖర్లో మాత్రం మా పెద్దాయనకు కాస్త మరుపొచ్చింది” అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ విసురుగా లేవబోయింది.

పెదనాన్న ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. “అవునండీ” అన్నారు అధికారితో, “వయసు కదా.”