ధర్మవరంలో నేర్చిన పోర్చుగీసు

నాకు పోర్చుగీసు నేర్పినామెకు కళ్లు కనపడేవి కావు. ధర్మవరం రైల్వే క్వార్టర్స్ వెనక వీధిలో ఒక్కతే అద్దెకుండేది. గోవా మనిషి. భర్త రైల్వేలో గార్డుగా పనిచేసి, రిటైరై, ధర్మవరంలోనే పోయాడు. ఆమె గోవాకు తిరిగి వెళ్లలేదు. ముప్పై ఏళ్లు మా మార్కెట్లో కూరగాయలు బేరమాడుతూ నేర్చుకున్న తెలుగు ఆమెది. గౌను చూస్తే పరాయి మనిషి, మాట వింటే మా వీధి మనిషి.

తొంభైల మొదట్లో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా అమ్మ ఆమె ఇంట్లో వంట చేసేది. లిస్బన్‌లో ఉన్న ఆమె అక్క నుంచి నెలకొక ఉత్తరం వచ్చేది. కంటి ఆపరేషన్ చెడి చూపు పోయాక ఆ ఉత్తరాలు విప్పేవాళ్లు లేక రేకు డబ్బాలో పోగుపడ్డాయి. ఒకరోజు మా అమ్మ చేత నన్ను పిలిపించింది.

"నీకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి గదా పాపా?"

"వస్తాయి ఆంటీ. కానీ ఇది ఇంగ్లీషు కాదు గదా."

"అక్షరాలు అవే. అర్థం సంగతి నాకిడిసిపెట్టు. నువ్వు నోటితో సదువు, నేను చెవితో సదువుకుంటా."

అలా మొదలైంది. ఏం చదువుతున్నానో నాకు తెలియదు, ఏం రాసి ఉందో ఆమెకు కనపడదు. కొన్ని అక్షరాల కింద తోకలుండేవి, కొన్నిటి మీద వంకర గీతలుండేవి. గీత ఉన్నచోట ఆగితే ఆమె తన ముక్కు పట్టుకుని చూపించేది. "శబ్దాన్ని ముక్కులోకి పోనీ. ఇర్మాఁ. అక్క అని." నేను తప్పు చదివితే మోకాలి మీద చరుచుకునేది, సరిగ్గా చదివితే నవ్వేది. ఆ నవ్వు ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టుకునేదాన్ని. మెల్లగా ఏ మాటకు నవ్వుతుందో, ఏ మాటకు నిట్టూరుస్తుందో తెలిసింది. ఆ తర్వాత మాటలే తెలిశాయి.

మా వీధిలో పుకారు పుట్టడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ ఇంట్లో నన్ను మతం మారుస్తున్నారని ఒకరు, విదేశానికి పంపేస్తారని ఒకరు. మా నాయన పట్టుచీరల మగ్గం నేసేవాడు. వీధిలో వాళ్ల మాటలు నాలుగు రోజులు విని, ఐదో రోజు మగ్గం గుంతలోంచి లేవకుండానే నన్ను పిలిచాడు.

"ఏం పాపా, ఆ బాస నేర్చుకొని యాడికి పోతావు? మన ఊర్లో ఎవురు మాట్లాడతారు?"

"ఆంటీ మాట్లాడతాది. నేను మాట్లాడతా. ఇద్దరముంటే సాలు నాయనా."

"వీధిలో నాకు తలకాయ ఎత్తుకోనీకుండా ఉండాది."

"నేను ఉత్తరాలు సదువుతాండా, దొంగతనం సేస్తాండ్లా. నేను మాత్రం మానను."

నేను నాయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. చెయ్యెత్తుతాడనుకున్నాను. దారపు కండె ఉన్న నాడెను మగ్గం మీద అటునుంచి ఇటు విసిరి, "పో" అన్నాడు. మానెయ్యమని ఆ పైన ఆయన అడగలేదు. ఒప్పుకున్నాడనీ కాదు. ఆరు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటర్ రెండో ఏడాది వర్షాకాలంలో ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద దస్తూరి వేరు. విప్పి చూస్తే రాసింది ఆమె అక్క కూతురు. అప్పటికి నేను పలికే వాక్యాల్లో సగం నాకు అర్థమయ్యేవి. అక్క ఉత్తరాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి చావు కబురు ఉండేది. పక్కింటివాడు, రొట్టెల అంగడామె, ఒకసారి పెంపుడు చిలుక. అందుకని చనిపోయింది అనే మాట నాకు బాగా తెలుసు. మూడో వరుసలో ఆ మాట ఉంది, దాని ముందు అమ్మ అనే మాట ఉంది. ఆంటీ అర్థం చెప్పకముందే నాకు పూర్తిగా అర్థమైన మొదటి పోర్చుగీసు వాక్యం అది.

నోరు ఆగిపోయింది.

"ఏమాయె?" అంది ఆమె.

"దస్తూరి తెలీడం లేదు ఆంటీ."

చదవడానికి నాకు ధైర్యం చాలలేదు. వచ్చిన నాలుగు మాటలు కూడగట్టి, అమ్మ బాగుంది అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం సొంతంగా అల్లి, కాగితంలోంచి చదువుతున్నట్టే చదివాను. నా జీవితంలో నేను పోర్చుగీసులో చెప్పిన మొదటి సొంత మాట అబద్ధం.

ఆమె చెయ్యి చాపి కాగితం ఒకసారి తడిమి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఈ మాట నా అక్క కూతురు రాయలేదు. దానికి పోర్చుగీసు వస్తాది. ఇది నువ్వు సెప్పినావు. రాసింది సదువు."

చదివాను. మూడుసార్లు చదివించుకుంది. ఏడవలేదు. మా అమ్మ కాఫీ తెస్తే తాగింది. నన్ను ఇంటికి పొమ్మంది. ఇక నన్ను రానివ్వదనుకుని నాలుగు రోజులు నేనే వెళ్లలేదు. ఐదో రోజు మళ్లీ కబురు పంపింది. వెళ్లగానే అంది: "నువ్వు అబద్ధం సెప్పినావని నాకు కోపం లేదు. తప్పుగా సెప్పినావని ఉండాది."

తలుపు దగ్గరే నిలబడ్డాను.

"మీ అమ్మ ఎట్లుండాదని అడిగితే, 'మా అమ్మ బాగు' అంటావా?"

"అనను ఆంటీ. 'బాగుండాది' అంటా."

"మీ నాయన ఏం పని సేస్తాడని అడిగితే, 'మా నాయన నేతగాడు ఉండాడు' అంటావా?"

"ఎవురూ అనరు. 'మా నాయన నేతగాడు' అంటా, అంతే."

"ఈ తేడా నీకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. పోర్చుగీసులో గూడా దానికి రెండు మాటలుండాయి, ఎ, ఎష్తా అని. నేతగాడికి ఒకటి, బాగుండేదానికి ఇంకొకటి. నువ్వు ఇంగ్లీషులోనించి వచ్చినావు. ఇంగ్లీషుకు రెండింటికీ ఒకటే మాట. అందుకే ఎష్తా అనాల్సిన చోట ఎ అని దొరికిపోయినావు. ఇంగ్లీషు వద్దు. మీ ఇంట్లోనించి నేరుగా రా."

ఆ రోజు నుంచి ఉత్తరాలు లేవు, పాఠాలు ఉన్నాయి. నేను హిందూపురంలో బి.ఏ. చదివిన మూడేళ్లూ ప్రతి ఆదివారం ఆమె చెబుతుంటే రాసుకున్నాను. చివరికి గోవాలో పోర్చుగీసు ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టాను. మా నాయన తరఫు వాళ్లు కూర్చోబెట్టి బుద్ధి చెప్పారు. బి.ఇడి. చేసి టీచరయ్యే ఆడపిల్ల ఎవరికీ రాని భాష చదవడమేమిటన్నారు. ఎవరికీ రాదు గనకే చదువుతున్నానన్నాను. గుంతకల్లులో బండి మారి, హుబ్లీ మీదుగా, ఒక ట్రంకుపెట్టెతో వెళ్లాను.

అక్కడ నా క్లాసులో ఉన్నవాళ్లకు పోర్చుగీసు ఇళ్లలోనే ఉంది. నేను నోరు తెరవగానే నవ్వారు. నా మాటలు వాళ్ల అవ్వల కాలం మాటలట. మా మేష్టారు మర్యాదగానే సలహా ఇచ్చాడు, ఇప్పుడు వాడుకలో ఉన్న మాటలు నేర్చుకోమని. వాటినీ నేర్చుకున్నాను. పాతవాటిని వదల్లేదు. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా కావాలని ధర్మవరం ఆంటీ మాటలే మాట్లాడాను. రెండో ఏడాదికి నవ్వడం మానేశారు. ఇద్దరు ముగ్గురైతే వాళ్ల అవ్వల దగ్గరికి నన్ను తీసుకుపోయి మాట్లాడించారు.

ఆ ఏడాదే ఆంటీ పోయింది. నాకు కబురు చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. లిస్బన్‌లో ఆమె అక్క కూతురికి ఆ సంగతి రాయాల్సింది నేనే. రాశాను, ఉన్నది ఉన్నట్టు.

ఎం.ఏ. అయ్యాక పెనుకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. ధర్మవరం నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. నా చదువు చూసి కరస్పాండెంటుకు ఒక ఆలోచన వచ్చింది.

"మేడం, కాలేజీ కరపత్రంలో మీ పేరు పక్కన ఫ్రెంచి అని ఏద్దాం. పోర్చుగీసు అంటే ఈడ ఎవురికి తెలుస్తాది?"

"నాకు ఫ్రెంచి రాదు సార్."

"అడిగేవాళ్లు ఎవురుండారులెండి."

"ఎవరూ అడగరు గనక పోర్చుగీసు అనే వెయ్యండి."

వెయ్యలేదు. ఏమీ వెయ్యలేదు. నేను ప్రతి క్లాసులోనూ మొదటి రోజు బోర్డు మీద రాసేదాన్ని, నేను ఏం చదివానో.

పిహెచ్.డి.కి ఆంటీ ఇచ్చిన పాఠాన్నే పట్టుకున్నాను. పోర్చుగీసును ఇంగ్లీషు మీదుగా రాకుండా తెలుగులోంచి నేరుగా నేర్పవచ్చని నా వాదన. ఎ, ఎష్తా అనే ఆ రెండు క్రియలకు మన వాడుకలో చాలామటుకు దారి ఉంది. కుదరని చోట్లూ ఉన్నాయి. కుదరని వాటిని దాచకుండా వాటికొక అధ్యాయం రాశాను. ఉదాహరణలన్నీ మా ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాశాను. సెలవుల్లోనూ, బస్సులోనూ, పరీక్ష పేపర్లు దిద్దే ఖాళీల్లోనూ ఐదేళ్లు రాశాను.

వైవా రోజు మా నాయన వచ్చాడు. రావద్దన్నాను, వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడికి పోర్చుగీసు బాగా వచ్చు, తెలుగూ వచ్చు. నా థీసిస్ పుస్తకం తిరగేసి ఒకచోట వేలు పెట్టాడు.

"వాదన బాగుందమ్మా. కానీ ఈ 'ఉండాది', 'ఉండాడు' ఏమిటి? ఇది భాష కాదు. అన్నిచోట్లా 'ఉంది', 'ఉన్నాడు' అని మార్చండి, ఇప్పుడే సంతకం పెడతాను."

నా గైడు నాకు కళ్లతో సైగ చేశాడు, సరేననమని. మూడు రోజుల పని అది.

"ఒక మాట అడగొచ్చా సార్? బ్రెజిల్ వాళ్లు మాట్లాడేది పోర్చుగీసేనా?"

"అవును. సందేహమేముంది?"

"లిస్బన్‌లో మాట్లాడినట్టే మాట్లాడతారా?"

"మాట్లాడరు."

"అయినా అది భాషే. మరి ధర్మవరం వాళ్లు మాట్లాడేది ఎందుకు కాదు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది వాదనకు వేదిక కాదు" అని పుస్తకం మూశాడు. సవరణలు చేసి మళ్లీ సమర్పించాలని రాసి వెళ్లిపోయాడు.

బయట మెట్ల మీద మా నాయన అడిగాడు. "ఆయప్ప ఏమంటాండాడు?"

"మనం మాట్లాడేది బాస కాదంటాండాడు నాయనా. మారిస్తే సంతకం పెడతాడంట."

"అయితే ఆయప్పకు తెలుగు రాదు. నువ్వు మార్చొద్దు."

మగ్గం దగ్గర ఆ రోజు 'పో' అన్నాక, అన్నేళ్లలో నా చదువు గురించి ఆయన చెప్పిన మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మార్చలేదు. ఒక్క అక్షరం కూడా. పైగా ఎందుకు మార్చలేదో చెబుతూ ఇంకో అధ్యాయం రాసి జతచేశాను. దానివల్ల రెండేళ్లు పోయాయి. నాతో మొదలుపెట్టిన వాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. గైడు ఫోను ఎత్తడం మానేశాడు. ఆ రెండేళ్లలో నాకు భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. అప్పటికి పెళ్లయింది. మా ఆయనకు హిందూపురంలో ఉద్యోగం. ఆ 'ఉండాది'లన్నీ మూడు రోజులు కూర్చుని మార్చేసి పడేద్దామా అని ఎన్నోసార్లు అనిపించింది. పుస్తకం తెరిచేదాన్ని, చదివేదాన్ని, చదివితే అవి సరిగ్గానే ఉండేవి. మూసేసేదాన్ని. చివరికి థీసిస్ వేరే పరీక్షకుడి దగ్గరికి వెళ్లింది. ఆయన రెండు అచ్చుతప్పులు దిద్ది ఒప్పుకున్నాడు.

డిగ్రీ వచ్చింది, యూనివర్సిటీ ఉద్యోగం రాలేదు. హిందూపురంలో మేముండే ఇంటి మేడ మీద ఒక గది ఉంది. ఇంటాయన కన్నడం ఇంట్లో, తెలుగు బయట మాట్లాడే మనిషి. ఆ గది సాయంత్రాలు అడిగితే, "దీంట్లో దుడ్లు వస్తాయామ్మా?" అన్నాడు. రావన్నాను. కాసేపు నా ముఖం చూసి తాళంచెవి ఇచ్చాడు. 'పోర్చుగీసు తెలుగులో నేర్పబడును' అని బోర్డు రాయించాను. చూసినవాళ్లు స్పోకెన్ ఇంగ్లీషు అని కూడా కింద ఒక వరుస చేర్చమన్నారు, జనం వస్తారని. చేర్చలేదు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. రెండో నెల రామగిరి నుంచి ఒక నర్సు వచ్చింది. బెంగుళూరు కంపెనీలకు బ్రెజిల్ పని రావడం మొదలయ్యాక మరికొందరు వచ్చారు. మూడో ఏడాదికి పన్నెండు మంది అయ్యారు.

ఆ ఏడాది ఒక యూనివర్సిటీ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. బోర్డులో ఒక పెద్దాయన నా కాగితాలు చూసి, నవ్వు ఆపుకోకుండానే అడిగాడు.

"హిందూపురంలో పోర్చుగీసా? అక్కడ ఎవరు మాట్లాడతారమ్మా?"

"సాయంత్రం ఆరింటికి రండి సార్. పన్నెండు మంది మాట్లాడతారు. మీరు వస్తే మీకూ నేర్పిస్తాను."

ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ మాట అనకుండా ఉంటే వచ్చేదేమోనని మా ఆయన అన్నాడు. వచ్చేదేమో. మర్నాడు మేడ మీద గదిలో పన్నెండు మందికీ జరిగినది జరిగినట్టు చెప్పాను, ముందు తెలుగులో, తర్వాత పోర్చుగీసులో. రామగిరి నర్సు లేచి, ఆ పెద్దాయనకు తానైతే ఏం జవాబు చెప్పేదో పోర్చుగీసులో చెప్పింది. నేను చెప్పినదానికన్నా ఘాటుగా ఉంది. రెండు తప్పులున్నాయి. దిద్ది, మళ్లీ చెప్పించాను.