అజాతశత్రువు కాని మా మాస్టారు

మంగళవారం పొద్దున గుడి వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. సిటిజన్‌షిప్ క్లాస్ మాస్టారు రాత్రి నిద్రలోనే పోయారట. కింద చేతులు జోడించిన బొమ్మలు, ఆ పక్కనే ఒక మాట: అజాతశత్రువు. ఏడవబోయినదాన్ని కాస్తా ఆగిపోయాను. ఒళ్లు మండింది. ఆ మెసేజ్ పెట్టిన గుడి ప్రెసిడెంట్ గారే ఏడాదిగా మాస్టారు ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేవారు. అంతకుముందు కొన్నాళ్లు నేనూ ఆయనకి శత్రువునే.

గుడి సావనీర్ సంచికలో వేస్తాం, మాస్టారి గురించి ఒక పేజీ రాయమని కమిటీ వాళ్లు నన్ను అడిగారు. కాంట్రవర్సీ లేకుండా, పాజిటివ్‌గా ఉండాలన్నారు. అందుకే వాళ్లకి పంపకుండా ఇది మీకోసం రాస్తున్నాను.

మాస్టారు ఇండియాలో జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరై, షికాగో పక్కన అరోరాలో కూతురి దగ్గర ఉండేవారు. శనివారం మధ్యాహ్నాలు గుడి కింది హాల్లో, అమెరికా పౌరసత్వం పరీక్షకి చదివే పెద్దవాళ్లకి క్లాస్ చెప్పేవారు. మా అత్తయ్యకి డ్రైవింగ్ రాదు. నేపర్‌విల్ నుంచి ఆవిడని నేనే తీసుకెళ్లి, వెనక కుర్చీలో లాప్‌టాప్ తెరిచి ఆఫీస్ పని చూసుకునేదాన్ని. పని సాగితేగా. మాస్టారి గొంతు ఆ హాలుకి మరీ ఎక్కువ.

ఆ పరీక్షలో ఒక ప్రశ్న ఉంది. కాలనీల వాళ్లు బ్రిటిష్ వాళ్లతో ఎందుకు యుద్ధం చేశారు? పన్నులు ఎక్కువ, సైనికులు ఇళ్లల్లో తిష్ట వేశారు, సొంత పాలన లేదు. ఈ మూడింట్లో ఒక్కటి చెప్తే చాలు. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే అత్తయ్యకి అరగంటలో వచ్చేది. మాస్టారు దాని మీద నెల రోజులు లాగారు.

కాలనీల వాళ్లు మొదట్లో ఇంగ్లండ్ రాజుని మా రాజే అనుకునేవారని మొదలుపెట్టారు. తమ మనిషి ఒక్కడూ లేని పార్లమెంటు తమ మీద స్టాంపుల పన్ను వేస్తే అర్జీ పెట్టారు. వినకపోతే ఇంగ్లండ్ సరుకు కొనడం మానేశారు. ఆడవాళ్లు ఇళ్లల్లోనే నూలు వడికారు. పార్లమెంటు ఆ పన్ను తీసి ఇంకో పన్ను వేసింది. బోస్టన్‌లో జనం టీని సముద్రం పాలు చేస్తే మొత్తం ఓడరేవునే మూసేసింది. తుపాకులు పేలాక కూడా రాజుకి ఆఖరి అర్జీ పంపితే ఆయన చదవనైనా లేదు. ప్రతి చోటా ఆగి, మార్కర్ మూతతో బల్ల మీద కొట్టి "ఊఁ, తర్వాత?" అనేవారు. ఎవరో ఒకరు చెప్పేదాకా వదిలేవారు కాదు. బాగా చెప్పారని ఒక్కరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

ఒకరోజు ఉండబట్టలేక లేచి, జవాబు ఒక్క ముక్క కదా, ఇదంతా ఎందుకండీ అన్నాను.

"కారణాలు అందరికీ ఉంటాయమ్మాయ్. మీ ఆఫీసులో నీకు లేవా? కారణం ఉన్న ప్రతివాడూ తుపాకీ పట్టడు. మధ్యలో ఏం జరిగిందన్నదే హిస్టరీ."

"మా అత్తయ్యకి కావాల్సింది పాస్‌పోర్టండీ, హిస్టరీ కాదు."

"అయితే ఆవిణ్ణి అడుగు."

అత్తయ్య నావైపు చూడకుండానే, నువ్వు కూర్చోవే అంది. ఆ తర్వాత చాలా వారాలు మాస్టారూ నేనూ మాట్లాడుకోలేదు.

మమ్మల్ని కలిపింది గుడి కమిటీయే. కింది హాలుని పుట్టినరోజు పార్టీలకి అద్దెకివ్వడం మొదలుపెట్టాక మా పెద్దవాళ్లు వాళ్లకి అడ్డమైపోయారు. ముందు బల్లలు తీసేశారు. తర్వాత జనవరిలో హీటర్ ఆపేశారు, అందరూ కోట్లు తొడుక్కునే చదివారు. ముందు గుమ్మంలోంచి కాదు, గుడి వంటింటి గుమ్మంలోంచి రమ్మన్నారు. ఆఖరికి హాలుకి తాళమే వేశారు. ఆదివారాలూ పండగలూ ఆ వంటింట్లో వండి వడ్డించేది ఈ పెద్దవాళ్లే. కమిటీలో ఓటు మాత్రం పెద్ద డొనేషన్లు ఇచ్చినవాళ్లకే.

నేను పోట్లాడదాం పదండి అన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "ముందు అడగాలి. నలుగురి ముందు లేచి నిలబడి, మర్యాదగా, మూడుసార్లు. అప్పటికీ పలక్కపోతే ఇక అడగడం మానెయ్యాలి," అన్నారు. వరసగా మూడు మీటింగుల్లో లేచి అడిగారు, ఆ మోకాళ్ల నొప్పులతోనే. ప్రెసిడెంట్ గారు మూడుసార్లూ చూద్దామని నవ్వి తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు. నాకు ఆ నవ్వు ఇప్పటికీ పడదు.

శ్రీరామనవమి వచ్చింది. క్లాస్ వాళ్లు రాకపోతే ఎలా అన్న ఆలోచన కమిటీకి రానే లేదు. ఎప్పుడూ వచ్చేవాళ్లే కదా. ఆ రోజూ అందరూ వచ్చారు, పట్టుచీరలు కట్టుకుని, పంచెలు కట్టుకుని. వంటింట్లోకి కాకుండా పై హాల్లోకి వెళ్లి ముందు వరసల్లో కూర్చున్నారు. కింద కమిటీ మగవాళ్లు పులిహోర కలిపితే చింతపండు ఉండలు ఉండలుగా తగిలింది, అన్నం ముద్దయింది. చివరికి సీతారాముల కల్యాణం రోజున గుళ్లో పిజ్జాలు పంచారు. వాటిలో గుడ్డు ఉంటుందా ఉండదా అని లైన్లో వాదులాట. ఇంటికొస్తూ కారులో అత్తయ్య, ఈ గుడికి వచ్చాక కల్యాణం కూర్చుని చూడటం ఇదే మొదటిసారి అంది.

ఆ తర్వాతి శనివారానికి తాళం తీశారు, హీటర్ వేశారు. ప్రెసిడెంట్ గారు మాత్రం మాస్టారితో మళ్లీ మాట్లాడలేదు. మాస్టారు దాన్ని పట్టించుకోలేదు. తన స్టీలు గ్లాసులో టీ పోయించుకుని, ఎక్కడ ఆపామని క్లాస్ మొదలుపెట్టారు.

పోయేముందు వారం ఆయన నాకు ఫోన్ చేశారు. ఆయాసంగా ఉంది, శనివారం క్లాస్ నువ్వు చెప్పు అన్నారు. నేనెందుకండీ అంటే, "నాతో పోట్లాడే ఓపిక ఉన్నది నీకే కదా," అన్నారు. అది మెచ్చుకోలని ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు. ఇంకొన్నాళ్లు పోట్లాడాల్సింది.

మొన్న ఆదివారం సంతాప సభ ఆ కింది హాల్లోనే పెట్టారు. దండ వేసిన ఫోటో పక్కన నిలబడి ప్రెసిడెంట్ గారు పది నిమిషాలు మాట్లాడారు. మాస్టారికి ఎవరితోనూ మాట తేడా రాలేదన్నారు. హాలుకి ఆయన పేరు పెడుతున్నామన్నారు. అందుకోసం రీమోడల్ చేయిస్తున్నామనీ, అందాకా శనివారం క్లాసులు ఉండవనీ అదే గొంతుతో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన అత్తయ్య కొట్టలేదు. వచ్చే నెలలో ఆవిడ పౌరసత్వం ఇంటర్వ్యూ.

కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

"బాబూ, అందాకా క్లాస్ ఎక్కడ పెట్టుకోమంటారు?"

"ఇప్పుడు టైమ్ కాదు కదా ఆంటీ, చూద్దాం," అని ప్రెసిడెంట్ గారు నవ్వి, పూలు వేయడానికి అందరినీ లైన్‌లోకి రమ్మన్నారు.

అత్తయ్య కూర్చోలేదు. చెంగు భుజం మీదికి లాక్కుంది.

"రెండోసారి అడుగుతున్నాను బాబూ. క్లాస్ ఎక్కడ?"

హాలు చివర భోజనాల బల్లల వెనక, చేతుల్లో గరిటెలతో నిలబడ్డ క్లాస్ వాళ్లంతా ప్రెసిడెంట్ గారి వైపే చూస్తున్నారు. పులిహోర గిన్నెల మీద మూతలు ఇంకా ఎవరూ తియ్యలేదు.