అక్క లెవెల్ పుస్తకంలో చింపిన పేజీ

నా చిన్నప్పుడు మేము ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. అమ్మ సివిల్ ఇంజినీరు, గుర్గావ్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీలో పనిచేసేది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లను ఆ కంపెనీ ఆరు నెలలపాటు ఒక్కో సీనియర్‌కి అప్పగించేది. పని నేర్పాలి, చివర్లో వాళ్లను ఉంచుకోవచ్చో లేదో రాసివ్వాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్కను అమ్మకి అప్పగించారు.

అక్క వచ్చాక అమ్మ నాకు కొత్తగా కనిపించసాగింది. ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ మా డైనింగ్ టేబుల్ మీద డ్రాయింగులు పరిచి కూర్చునేవాళ్లు. అక్క పదిసార్లు అడిగితే అమ్మ పదిసార్లూ విసుక్కోకుండా చెప్పేది. నా లెక్కల హోంవర్కు దగ్గర రెండోసారికే గొంతు పెంచే మనిషి! అన్నిటికంటే నన్ను మండించింది వాళ్ల తెలుగు. అమ్మ ఏమడిగినా నేను హిందీలోనే జవాబిచ్చేదాన్ని. అక్క తెలుగులో ఏదో అనేది, అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వేది. సగం నాకు అర్థమయ్యేది కాదు. మా అమ్మని అంతలా నవ్వించడానికి ఈవిడెవరని కడుపు రగిలిపోయేది.

ఒక శనివారం వాళ్లు వంటింట్లో టీ పెట్టుకుంటున్నారు. అక్క లెవెల్ పుస్తకం టేబుల్ మీదే ఉంది. సైట్‌లో నేల ఎక్కడ ఎంత ఎత్తుందో కొలిచి అందులో రాసుకునేది. నిండా అంకెలున్న పేజీ ఒకటి చింపి, ముక్కలు చేసి బాల్కనీలోంచి కిందికి వదిలేశాను.

కాసేపటికి అమ్మ ఆ పేజీయే అడిగింది. అక్క పుస్తకం తిరగేసింది. చిరిగిన అంచు చూసి, తలెత్తి నన్ను చూసింది.

"నేనే ఎక్కడనో పోగొట్టుకున్న మేడమ్" అంది.

అమ్మ అంత కటువుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సోమవారం కాంక్రీటు పోయాలి, ఆ కొలతలు లేకుండా ఎలా పోస్తాం, ఇంత అజాగ్రత్త మనిషిని ఉంచుకోమని నేనెలా రాసిచ్చేది అంది. అబద్ధం ఎందుకు, నాకు మొదట హాయిగానే ఉంది. ఇంకాస్త తిడితే బాగుండనిపించింది. అంతలో అక్క చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం పోతే అక్క వాళ్లూరు వెళ్లిపోతుంది. నేను కోరుకున్నది అదే. అయినా ఉండబట్టలేకపోయాను.

"మైనే ఫాడా, మమ్మీ." నేనే చింపానని చెప్పేశాను.

అమ్మ కొట్టలేదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే నన్ను సైట్‌కి తీసుకెళ్లి, అక్కనూ అక్కడికి రప్పించి, నాకంటే పొడవైన కొలకర్ర నా చేతిలో పెట్టింది. "పోయిన కొలతలన్నీ మళ్లీ తీయండి. ఇవాళ దీనికి నువ్వే నేర్పు" అని అక్కతో చెప్పి, దూరంగా వెళ్లి కూర్చుంది.

అక్క దూరంగా స్టాండు మీద పెట్టిన లెవెల్ పరికరంలోంచి కర్ర మీది అంకెలు చూస్తూ కేకేసేది. "సక్కగ పట్టు చెల్లె, నీ దిక్కు వంగింది." కర్ర ఒరిగితే కొలత తప్పుతుంది. నా చేతులు లాగేశాయి, మళ్లీ మళ్లీ అదే తప్పు చేశాను. ప్రతిసారీ అక్క నడిచొచ్చి, నా వేళ్లు సర్ది, నవ్వి వెళ్లేది. టేబుల్ దగ్గర అమ్మ అక్కకి ఎలా చెప్పేదో, అచ్చం అలాగే. అమ్మ దగ్గర్నుంచి నాకు రాకుండా పోతోందనుకున్న ఓపిక అక్క చేతుల మీదుగా నా దాకా వచ్చింది.

మధ్యాహ్నానికి కొలతలన్నీ పూర్తయ్యాయి. నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"మా చెల్లె పుట్టినప్పుడు దాని కొత్త గౌను కత్తెరతోటి కోసిన నేను" అంది అక్క.

ఆరు నెలలయ్యాక కంపెనీ అక్కను ఉంచుకుంది. అమ్మ రాసిచ్చిన కాగితం నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఇప్పటికీ అసూయ కలుగుతుంది. మా అమ్మాయి వాళ్ల డాన్స్ టీచర్ గురించి కళ్లు మెరిపిస్తూ చెబుతుంటే లోపల సన్నగా మండుతుంది. మొన్న అలా మండినప్పుడు, ఆవిణ్ణి ఆదివారం మనింటికి భోజనానికి రమ్మనమ్మా అన్నాను. ఆ మాట అనడానికి కాస్త కష్టపడ్డాను, కానీ అన్నాను.