సన్నికల్లు కింద మొక్కు పుంజు

మా వీధిలో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి ఇంటికొచ్చేసే మనిషిని నేను. వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో, కొబ్బరితోటలో మట్ట రాలినా ఎవరో పిలిచారని చెప్పేవాళ్లున్నారు. నాకవన్నీ పనిలేని కబుర్లు. చచ్చిపోయినవాళ్ల కంటే బతికున్న ముంగిసే నన్ను ఎక్కువ ఏడిపించింది. అలాంటి నాకు ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

తొంభైల చివరి మాట. మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయని టెక్కలిలో డాక్టరు చెప్పారు. మా ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లు అరుదు. అయినా అది మా ఇంటిదాకా వస్తుందని నేననుకోలేదు. జీడితోటలో రోజంతా పార పట్టిన మనిషి, నిండు చెంబు ఎత్తితే చేతులు వణికే స్థితికొచ్చారు.

ఆయన అమ్మవారికి పుంజుని మొక్కుకున్నారు. ఎర్ర మెడ, నల్ల తోక, మంచి బలమైన పుంజు. దాని కాలికి పసుపు గుడ్డ నేనే కట్టాను. అమ్మవారి జాతరని మేం సంబరం అంటాం, దానికింకా మూడు నెలలుంది.

"అంతదాకా ఈ పుంజుంటే నానుంటానే" అనేవారు.

"కోడికీ నీకూ ఏటి సంబంధం మావా?" అని కసిరేదాన్ని. నవ్వేవారు కానీ, రోజూ పొద్దున్న కళ్లు తెరవగానే ముందు పుంజు కూత కోసం చెవి ఒగ్గేవారు. కూత వినపడితేనే మంచం దిగేవారు. నాకు మొక్కు మీద నమ్మకం లేదు. కానీ ఆ పుంజు పోతే ఈ మనిషి మంచం దిగడని మాత్రం నాకు బాగా తెలుసు. అందుకే దాన్ని ఎలాగైనా కాపాడి తీరాలనుకున్నాను.

కోళ్లకుండే శత్రువుల సంగతి నాకు కొట్టినపిండి. నక్క వస్తే కోడిని మొత్తంగా ఎత్తుకుపోతుంది, జీడితోట దాకా ఈకలు రాలి ఉంటాయి. కుక్క అయితే చీల్చి పెరడంతా చిందరవందర చేస్తుంది. కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దకి ఆనవాలే ఉండదు, తల్లికోడి గోల తప్ప. పక్కింటి నీలమ్మ తమ్ముడు పడవల దగ్గర నుంచి చిరిగిన వల తెచ్చిస్తే పెరడు సగం మీద కట్టాను, గద్ద బెడద పోయింది. కంచె సందుల్లో జీడి కంపలు కుక్కాను. నక్కా రావడం మానేసింది.

మిగిలింది ముంగిస. అది తినడానికి చంపదు, చంపడానికే చంపుతుంది. మెడ మీద రెండు గాట్లు, కోడి అక్కడే పడుంటుంది. అదీ పట్టపగలు. సంబరం ఇంకో నెల ఉందనగా నా పెద్ద పెట్టని అలాగే చంపేసింది.

ఆ వారంలోనే టెక్కలి వెళ్లాల్సి వచ్చింది. తెల్లవారే బస్సుకి పోతే సాయంత్రానికి గానీ తిరిగి రాం. కోళ్లని గంపల కింద మూయక తప్పదు. చిక్కల్లా పుంజుతోనే. మొక్కిన పుంజుని గంప కింద మూయకూడదని మా ఊరి కట్టుబాటు. అది అమ్మవారిది, దాని ఇష్టం వచ్చినట్టు తిరగాలంటారు. ముంగిస నోట్లో పెట్టమని మాత్రం ఏ అమ్మవారూ చెప్పలేదు కదా అనుకున్నాను.

ఆయన వీధి అరుగు మీద చెప్పులు వేసుకుంటున్నప్పుడు పెరట్లోకి వెళ్లి మూడు పెట్టల్ని ఒక గంప కింద, పుంజుని ఇంకో గంప కింద మూశాను. పెట్టల గంప మీద ఇటుకలు పెట్టాను. పుంజు గంప మీద సన్నికల్లు పెట్టాను. దాని మూల ఒకటి విరిగి ఉంటుంది, ఆ మూల గోడవైపు ఉండేలా పెట్టాను. ఆయనకి చెప్పలేదు. చెబితే బస్సెక్కరు.

ఆసుపత్రిలో రద్దీ. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాం. ఆయన నా భుజం మీద తల పెట్టి కునుకు తీశారు. ఉన్నట్టుండి కళ్లు తెరవకుండానే అన్నారు.

"రాయి సాలా బరువుగా ఉందే. సేతులు నొప్పెడతన్నాయి."

"ఏ రాయి మావా?" అన్నాను. మళ్లీ నిద్రలోకి జారిపోయారు. జబ్బు మనిషి కలవరింత అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పెరటి తడికకి నేను చుట్టిన తీగ చుట్టినట్టే ఉంది. ముందు పెట్టల గంప ఎత్తాను. మూడూ చచ్చిపోయి ఉన్నాయి, మెడల మీద గాట్లు. గంప అంచు కింద నుంచి ఇసక తవ్వుకుని ముంగిస లోపలికి దూరింది. పైన ఎంత బరువు పెట్టాలా అని ఆలోచించానే గానీ, కింద మాది ఇసక నేలన్న సంగతి మరిచిపోయాను. నన్ను నేనే తిట్టుకున్నాను.

పుంజు గంప కిందా అలాంటి కన్నమే. సన్నికల్లు కదల్లేదు, విరిగిన మూల గోడవైపే ఉంది. దాన్ని దించడానికి నా చేతులు రాలేదు. చివరికి దించి గంప ఎత్తాను.

లోపల పుంజు లేదు. నెత్తురు లేదు, ఈక లేదు. ఇసకలో పసుపు గుడ్డ ఉంది, నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

అప్పుడే ఇంటి కప్పు మీద నుంచి కూత వినపడింది. పుంజు అక్కడ నిలబడి ఉంది, ఒంటి మీద గీత కూడా లేకుండా. ముందు గదిలోంచి ఆయన "మన పుంజే" అన్నారు, చాలా మామూలుగా.

ఆ కన్నంలో చెయ్యి పెట్టి చూశాను. పిడికిలి దూరింది, మోచెయ్యి దూరలేదు. అంత పుంజు అందులోంచి బయటికి రావడం కుదరదు. నీలమ్మ రోజంతా మా తడిక ఎదురుగానే కూర్చుని జీడిపిక్కలు ఒలిచింది.

"ఎవులూ రానేదొదినా, కాకి కూడా వాలనేదు" అంది.

ఆ సాయంత్రమే గంపలుండే చోటంతా తవ్వి నాపరాళ్లు పరిచాను. మిగిలిన రోజులన్నీ పుంజు వెనకే కర్ర పట్టుకుని తిరిగాను, మూయలేదు. సంబరం నాడు ఆయన తన కాళ్ల మీద నడిచి వెళ్లి, తన చేతులతోనే దాన్ని అమ్మవారికి ఒప్పజెప్పారు. తర్వాత మూడేళ్లు బతికారు.

ఆ మూడేళ్లలో ఆ రోజు సంగతి ఆయన్ని అడగలేదు. అడిగితే మొక్కు పుంజుని మూశానని ఒప్పుకోవాలి. అడగాలని ప్రాణం ఎంత కొట్టుకున్నా, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. రేపు అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్లిపోయారు.

దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. కోళ్లు ఇప్పటికీ పెంచుతున్నాను, ముంగిసతో పోట్లాట ఇప్పటికీ ఉంది. సన్నికల్లు ఎత్తడానికి ఈ మధ్య నాకే చేతులు వణుకుతున్నాయి. అలా వణికే చేతులతో, ఆసుపత్రి బల్ల మీద కునుకు తీస్తూ ఆయన దాన్ని ఎత్తారంటే నమ్మలేను. ఎత్తలేదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.