దేముడమ్మ ఇంటి వంతు

మా ఆయన బర్నబా మేస్టరుగారికి నియమాలంటే ప్రాణం. కొండ మీద బడి నడపమని మిషను వాళ్ళు పంపితే, విజయనగరం నుంచి ఓ ట్రంకు పెట్టెతోనూ, నాతోనూ, బోలెడన్ని నియమాలతోనూ బయల్దేరారు. అది పంతొమ్మిది వందల ఇరవయ్యారో, ఇరవయ్యేడో సంవత్సరం. డుంబ్రిగుడ ఎగువన జాకరపుట్టు అనే చిన్న ఊరు. ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ, కొండవాగన్న మాట. వానాకాలం ఆ గెడ్డ పొంగిందంటే దున్నపోతునైనా ఈడ్చుకుపోతుంది. గెడ్డకు ఆవలి ఒడ్డున బడి కట్టిన ఆ మహానుభావుడెవరో గానీ, కనబడితే నాలుగు దులిపేదాన్ని.

పిల్లల్ని గెడ్డ దాటించాలి, మధ్యాహ్నం చోడి అంబలి, అదే రాగంబలి, కాచాలి, సాయంత్రం మళ్ళీ ఇళ్లకు చేర్చాలి. ఇదంతా మేమిద్దరమే చేస్తుంటే ఇక చదువు చెప్పేదెప్పుడు? తల్లిదండ్రులే పూనుకోవాలన్నారు మా ఆయన. ఊళ్లో కాస్త పెద్దగా కనబడ్డ మగవాళ్ళను ఏరి, బడి పెద్దలని పేరు పెట్టి, చాప మీద కూర్చోబెట్టారు. వాళ్ళు ఎంతో సంతోషించారు. రోజూ వచ్చి ఆ చాప మీద చతికిలబడి, చుట్టలు కాల్చి, పిల్లలు అక్షరాలు దిద్దుతుంటే తలలూపి వెళ్ళేవారు. గెడ్డలో కాలు పెట్టినవాడు ఒక్కడు లేడు. అంబలి కుండ నా నెత్తినే పడింది. "పనివాళ్ళను ఏరమంటే పెళ్లికొడుకులను ఏరుకొచ్చారు మీరు" అని నేను రుసరుసలాడితే ఆయన బైబిలు తెరిచి అందులో తల దూర్చారు.

చివరికి దారి చూపించింది భీముడు. ఆ ఊరి నాయుడు, అంటే పెద్ద. చోడి చేలు పండే వేళకు అడవిపందులు వచ్చి పడతాయి. రాత్రి కావలికి ఆ ఊళ్లో ఒక కర్ర ఉంది. కర్ర ఏ ఇంటి గడప మీద ఉంటే ఆ రోజు కావలి ఆ ఇంటిది. తెల్లారాక వాళ్ళే తీసుకెళ్లి పక్కింటి గడప మీద పెడతారు. ఎవరూ ఎవరినీ బతిమాలక్కర్లేదు.

"బడికీ ఓ కర్ర తిప్పు మేస్టరూ" అన్నాడు భీముడు. "మడుసుల్ని ఏరితే నువ్వా నానా అని గొడవ. గడపల్ని ఏరక్కర్నేదు గదా."

మా ఆయన ఒప్పుకున్నారు, తనదైన ఒక నియమం తగిలించి: బడిలో బిడ్డ ఉన్న ఇంటికే కర్ర. అంతే, మర్నాటి నుంచి ఆ చాప ఖాళీ, గెడ్డ దగ్గర మాత్రం సందడే సందడి.

ఆ వంతుల్లో నాకు బాగా నచ్చింది దేముడమ్మ వంతు. పోడు సేద్యానికి అడవి కొడుతుండగా చెట్టు కూలి మీదపడి ఆమె భర్త పోయాడు. ఒక్కతే కూతురు రత్నాలు, మా బడిలోనే అక్షరాలు దిద్దుతోంది. దేముడమ్మ గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. తన వంతు రోజున కోక ఎగ్గట్టి, నడుములోతు నీళ్లలో నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినే చంకనేసుకుని దాటించేది. "కళ్లు మూసుకోరా సన్నాసీ, నీల్లు నిన్ను కొరకవు" అని తిడుతుంటే ఏడ్చే పిల్లలు కూడా కిలకిల నవ్వేవారు. బడి వెనక మా పెరట్లో అంబలి కాస్తూ ఊరి ముచ్చట్లన్నీ నాకు చెప్పేది. ఆ కొండ మీద నాకు దొరికిన స్నేహితురాలు ఆమే.

భాద్రపదంలో చలిజ్వరాలు వచ్చాయి. రత్నాలుకూ వచ్చింది. మా దగ్గరున్న క్వినైను ఇచ్చాం, ప్రార్థన చేశాం. ఊరివాళ్ళు వాళ్ళ దేవతకు మొక్కారు. పిల్ల దక్కలేదు. దేముడమ్మ ఏడవలేదు. రాయిలా అయిపోయింది.

ఆ తర్వాత వంతు తిరిగి అటు వచ్చినప్పుడు, పక్కింటి సోములమ్మ కర్రను దేముడమ్మ గడప దాటించి, అవతలి ఇంటికి పట్టుకుపోయింది. మనసు మంచిదే. "పిల్లల్ని సూత్తే దానికి ఏడుపొత్తాది పాపం" అంది. ఊరంతా అవునంది. నియమం ప్రకారం కూడా సరిపోయింది గనక మా ఆయన కూడా సరేనన్నారు.

ఆ పొద్దున నేను ఊళ్లోకి వెళ్ళినప్పుడు చూశాను. దేముడమ్మ గడప అలికి, కోక ఎగ్గట్టి, అరుగు మీద కూర్చుని ఉంది. సోములమ్మ కర్ర పట్టుకుని ఆమె ముందు నుంచే తలొంచుకుని వెళ్ళింది.  ఆ తర్వాతి వంతుకూ అలాగే అలికింది, అలాగే కూర్చుంది. కర్ర మళ్ళీ దాటిపోయింది. 

ఆ పైసారి సోములమ్మ వంతు రోజున, ఆమె కన్నా ముందే దేముడమ్మ గెడ్డలోకి దిగి నిలబడింది. ఇక చూడాలి గొడవ! ఆ ఊళ్లో ఒకరి వంతు ఇంకొకరు చేశారంటే ఆ ఇంట్లో మనుషులు చచ్చారని అర్థం.

"నాను బతికే ఉన్నానే!" అని సోములమ్మ అరిచింది.

"మరి నాను సచ్చినానేటి?" అంది దేముడమ్మ.

ఆ సాయంత్రం బడి ముందు ఊరంతా చేరింది. దేముడమ్మ నిలబడి ఒక్కటే అడిగింది, తన గడపకు కర్ర ఎందుకు రాలేదని.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "బడిలో బిడ్డ ఉన్న తల్లిదండ్రులకే వంతని మొదటే అనుకున్నాం కదమ్మా. నీకూ కాస్త విశ్రాంతి..."

"ఏవండీ, ఆ నియమం తీసుకెళ్లి మీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకోండి" అన్నాను. నలుగురిలో మొగుణ్ణి అలా అనకూడదు. కానీ ఒళ్లు మండిపోయింది.

సోములమ్మ కళ్లు తుడుచుకుంది. "నా పిల్లలు ముగ్గురు బడిలో ఉన్నారు. నా సిన్నగుంట పేరున దానింటికి కర్ర ఎల్లనీయండి" అంది. చిన్నబిడ్డ పేరే ఇచ్చేస్తోంది, అంతకన్నా ఎవరు ఏమివ్వగలరు?

దేముడమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకెవుల గుంటా వొద్దు. రత్నాలు తల్లిననే రావాల. మొగుడు పోనాడు, గుంట పోనాది. ఇంక కర్రా రాకపోతే, నా ఇల్లు ఊళ్లో ఉన్నట్టా, నేదన్నట్టా?"

 అప్పుడు భీముడు అన్నాడు: "కొత్తల పండక్కి కొత్త సామలొండితే, అడ్డాకేసి ముందు ఎవులికి పెడతాం? పోనోళ్లకి. తిండికి లెక్కలో ఉన్నోళ్లు పనికి లెక్కలో నేకపోతారేటి? రత్నాలు బడి గుంటే. దానింటికి వంతుంది."

పోయినవాళ్ళకు ఆకులో కూడు పెట్టడం తప్పని మా ఆయన ప్రతి ఆదివారం చెప్పే మనిషి. నోరు తెరిచారు. నా వంక చూశారు. నోరు మూసుకున్నారు.

భీముడు కర్ర తెచ్చి చేతికివ్వబోతే దేముడమ్మ అందుకోలేదు. "సేతికొద్దు నాయుడా. నా వంతొచ్చిన్నాడు గడప మీద ఎట్టండి, అందరికీ ఎట్టినట్టే."

ఆమె వంతు వచ్చిన రోజున అలాగే పెట్టారు. ఆ రోజు ఆమె పిల్లల్ని దాటించింది, అంబలి కాచింది, సాయంత్రం మళ్ళీ ఇళ్లకు చేర్చింది.  నాకు మనసు ఊరుకోక, చీకటి పడకముందే ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఒక్కతే నవ్వుకుంటోంది. నాకు భయమేసింది.

"ఏమైందే?" అన్నాను.

"సోములమ్మ నన్ను తిట్టింది అమ్మగోరూ" అంది. "అంబలి నీల్ల నీల్లగా కాసినావు, నా పిల్లలు ఆకలితో ఇంటికొచ్చినారు, సిగ్గు నేదేటే నీకు అని, ఊరందరూ ఇనేలాగ తిట్టింది. రత్నాలు పోనకాణ్ణించి నన్నెవులూ తిట్టనేదు. అందరూ మెల్లగా, మెల్లగా మాటాడినారు."

నవ్వుతూ నవ్వుతూనే నా భుజం మీద వాలిపోయి, "రత్నాలూ" అని గొంతెత్తి ఏడ్చింది. భాద్రపదం నుంచి ఆమె ఏడవడం అదే మొదలు. ఊరుకో అని నేను అనలేదు. పక్కింట్లోంచి సోములమ్మ వచ్చి, ఆమె కూడా మా పక్కనే కూర్చుంది.