కంప్యూటర్ అడిగిన ఊరు

మా అమ్మ పోయేనాటికి చెల్లెలు ఇంకా పాకుతూ ఉంది. పొయ్యి దగ్గర పనీ, దాన్ని ఎత్తుకోవడమూ నా వంతుకు వచ్చాయి. బడి ముఖం చూడలేదు. పిల్లల పెళ్లిళ్లయ్యాక, చింతాద్రిపేటలో మా పక్కింటి రిటైరైన టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. ఇంత ఆలస్యంగా రాస్తున్నది అందుకే.

అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లికి ముందు ఏదో సినిమాలో గుంపు డాన్సు చేసిందని పిన్ని చెప్పేది. పొడుగు మనిషని వెనక వరుసలో, ఎడమ చివర నిలబెట్టారట. ఆ సినిమా మళ్లీ ఏ థియేటరుకూ రాలేదు, టీవీలోనూ వేయలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, తిరువొత్తియూరులో మా అల్లుడు పనిచేసే ఫ్యాక్టరీకి సింగపూరు నుంచి ఒక తెలుగు ఇంజనీరు వచ్చాడు. ఆయన వెంట తెచ్చుకున్న డీవీడీల్లో ఆ సినిమా ఉందట. సోమవారం తిరిగి వెళ్లిపోతూ తీసుకుంటానని అల్లుడికి ఇచ్చాడు. ఆదివారం నేనూ మా ఆయనా మోకాళ్ల నొప్పులతోనే రైలెక్కి కూతురింటికి వెళ్లాం.

డిస్కు పెట్టగానే రీజియన్ సరిపోలేదంది కంప్యూటర్. డిస్కులు ఒక్కో దేశానికి ఒక్కో రకంగా చేస్తారట. ఆ దేశం పేరు పెడితేనే ఆడుతుందట. దాన్ని మార్చుకోవడానికి కొన్నిసార్లే వీలు. స్నేహితులు తెచ్చే డిస్కుల కోసం అల్లుడు మార్చీ మార్చీ, ఇక ఆఖరిసారి మిగిలింది. తెర మీద దేశాల పేర్లు వచ్చాయి.

"డిస్కు సింగపూరుది గదా మామా, ఆ పేరే పెడతా," అన్నాడు అల్లుడు.

మా ఆయన జార్జి టౌన్‌లో పప్పుల మండీలో పనిచేసి మానుకున్నారు. తాతల నాటి నుంచీ ఈ తమిళ ఊళ్లోనే ఉన్నా, నోరు తెరిస్తే చాలు, మీది ఏ ఊరని అడిగించుకున్న మనిషి.

"ఏందబ్బా, ఇది గూడా అడగతా ఉండాదా మనల్ని? సినిమా తీసింది కోడంబాకంలో. చూసేది ఈడోళ్లం. ఇండియా అని పెట్టండి."

"అడిగేది మనల్ని కాదు నాయనా, డిస్కు సంగతి," అంది మా అమ్మాయి.

"నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తబాక. మీ తాతకు తాత ఈడ మగ్గం నేసినోడు. ఇప్పుడు పొయ్యి సింగపూరోళ్లమని చెప్పుకోవాల్నా?"

అల్లుడు నవ్వలేక నవ్వాడు. పెళ్లిలో తన కాళ్లు కడిగిన మామ మాటను మా ఇళ్లల్లో అల్లుడు ముఖం మీద కాదనడు. అల్లుడి ముందు అత్త గొంతెత్తదు. నేను తలుపు పక్కన నిలబడే ఉన్నాను. అల్లుడు ఇండియా మీద నొక్కాడు.

సినిమా రాలేదు. ఇక మార్చడానికీ లేదు.

మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే ఆడుతుందేమోనని మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. కాపీ అయింది. తెరిస్తే మళ్లీ అదే రీజియన్ తప్పు. ఇంకేదో ప్రోగ్రాంలో తెరిచాడు. తెరంతా ఆకుపచ్చ గళ్లు. గళ్ల వెనక ఎవరో కదిలినట్టే ఉంది గాని, ఏ వరుసో, ఎన్ని వరుసలో తెలియలేదు.

"డిస్కు ఆడించే డ్రైవ్ వేరేది దొరుకుతుందేమో చూస్తా అత్తా. కానీ రేపే ఆ ఇంజనీరు పోతాడే," అన్నాడు.

"పోనీలేండి. కళ్లు పోగొట్టుకుంటారా దాంతో? లేచి కాఫీ తాగండి," అన్నాను. మా ఆయన ఫ్యాను కింద గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్ర పోలేదని నాకు తెలుసు. పలకరించే ఓపిక లేకపోయింది.

మర్నాడు పొద్దున అల్లుడు డ్యూటీకి బయల్దేరుతుంటే, డిస్కు పెట్టిన కాగితం కవరు అడిగి తీసుకున్నాను. వంటగది గట్టు మీద పెట్టి, ఒత్తులు తప్పిపోకుండా మెల్లగా రాశాను: "డాన్సులో వెనక వరుస ఎడమ చివర పొడుగ్గా ఉండే ఆమె మా అమ్మ. ఈసారి చూసినప్పుడు ముఖం ఎట్లా ఉందో మా అల్లుడికి రాయండి." ఇంకు ఆరేదాకా ఊది, ఆ ఇంజనీరుకు ఇమ్మని కవరు అల్లుడి చేతికిచ్చాను.