నడిమి బెంచీలు

గిలేన్ లాహ్తి ఏదైనా అవుతుందని అంటే, కాదని పందెం కాసేవాళ్ళు పోర్ట్ ఆర్సెనోలో ఉండేవారు కాదు. వంతెన దాటే ఒకే ఒక్క బస్సు ఆమె నడిపేది. మోకాలి లోతు మంచు పడిన రోజున కూడా, "గిలేన్ వస్తానంది" అంటూ మిల్లు కార్మికులు చేతులు చంకల్లో దాచుకుని స్టాపులో నిలబడేవారు. వచ్చేది. ముందు అద్దం సగమే తుడిచి, మిగతా సగం గుర్తు మీద నడిపేది. బడిపిల్లలు ఎక్కే వేళకు మాత్రం అంచుల దాకా గీకి, రెండోసారి గుడ్డ పెట్టి తుడిచేది.

ఆమె పుట్టింది మిల్లు వైపు, తొమ్మిదిమంది పిల్లలున్న ఫ్రెంచి ఇంట్లో. చేసుకున్నది నదికి అవతల, రైలు షెడ్డులో వెల్డింగు పని చేసే ఆర్వోని. అవతలి వాళ్ళ తాతలు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఊళ్ళో నది దాటి పెళ్ళి చేసుకోవడం వింతేమీ కాదు. చర్చి వేరు, చారు వేరు, ఇంట్లో తిట్టుకోవడం రెండు భాషల్లో. అన్నీ ఏదో ఒకలా సర్దుకునేవి, ఒక్క హాకీ తప్ప.

రెండు వైపులకూ రెండు జట్లు. మంచు హాకీ హాలు ఎక్కడ కట్టాలన్న తగువులో ఎవరూ తగ్గకపోవడంతో, పెద్దలు విసిగిపోయి దాన్ని నది మధ్య లంకలో కట్టారు. లోపల కూడా అదే తగువు. రైలు వాళ్ళు ఒక గోలు వెనక, మిల్లు వాళ్ళు రెండో గోలు వెనక. శనివారం సాయంత్రం తలుపు దాకా చేతులు పట్టుకుని వచ్చిన ఆలుమగలు, తలుపు దాటగానే చెరో చివరికీ వెళ్ళిపోయేవారు. విరామంలో క్యాంటీను దగ్గర కలిసి, కాఫీ తాగి, ముఖాలు ముడుచుకుని మళ్ళీ విడిపోయేవారు. గిలేన్, ఆర్వో పెళ్ళయిన వారమే అలా విడిపోయారు. పాతికేళ్ళ తర్వాత కూడా అంతే. నడిమి బెంచీల మీద చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, దారి తెలియని ఇన్సూరెన్సు ఏజెంట్లు కూర్చునేవారు.

ఎనభైల మొదట్లో మిల్లులో ఒక యంత్రం ఆగిపోయింది. షెడ్డులో రాత్రి పని తీసేశారు. రెండు జట్లకూ ఆడే కుర్రాళ్ళు కరువై, ఆ చలికాలంతో చాలిస్తామని రెండూ చెప్పేశాయి. అద్దె కట్టేవాళ్ళు లేకపోతే వసంతంలో హాలు మూసేస్తామని నగరసభ తేల్చింది. మూస్తే, ఐదేళ్ళ పిల్లలు కూడా గడ్డకట్టిన నది మీదే ఆడుకోవాలి. ఆ చలిలో పిల్లల కాలివేళ్ళు చచ్చుబడి తెల్లబడితే, తల్లికి తెలిసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. పైగా మంచు పలచబడే మార్చిలో నదిని ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అప్పుడే దక్షిణాన జీతాలిచ్చి ఆడించే ఒక పెద్ద జట్టు తను ఉన్న ఊరితో చెడి, కొత్త ఊరు వెతుక్కుంటోందని తెలిసింది. హాలు నింపగలమని చూపించిన ఊరికి ఆ జట్టుని ఇస్తామని, అలాంటి జట్ల పోటీలు నడిపే లీగువాళ్ళు అన్నారు. మందుల షాపు డన్‌స్టన్ కమిటీ పెట్టాడు. మనిషి మంచివాడే కానీ, దేనికైనా ముందు కంగారు పడి తర్వాత ఆలోచిస్తాడు. వచ్చే ఏడాది ఆటలన్నిటికీ ముందే టిక్కెట్లు ఎవరు అమ్ముతారని అడిగితే అందరూ గిలేన్ వైపు చూశారు.

"ఏం చూస్తారు? తెస్తాను జట్టుని," అంది గిలేన్. "బస్సు ఎక్కినవాడు టిక్కెట్టు కొనకుండా దిగుతాడా?"

నెల తిరక్కుండా రెండు చివర్లూ అమ్ముడుపోయాయి. తమ తాత కూర్చున్న చోటు ఇంకెవరికో పోతుందేమోనన్న భయంతోనే సగం మంది కొన్నారు. ఆ సంబరంలో నడిమి బెంచీల సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకరోజు డన్‌స్టన్ పొద్దున్నే బస్సెక్కి, పాలిపోయిన ముఖంతో ఆమె వెనక కూలబడ్డాడు.

"గిలేన్, మునిగిపోయాం. నడిమి సీట్లు ఒక్కటీ పోలేదు."

"ధర తగ్గించు."

"ఉత్తినే ఇస్తానన్నా వద్దంటున్నారు! 'నడుమ కూర్చోడానికి మేమేమన్నా ఊరూ పేరూ లేనివాళ్ళమా?' అంటున్నారు. లీగు నుంచి ప్రూయిట్ అనే ఆయన వచ్చే శనివారం ఆటకి వస్తున్నాడు. ఏ ఊళ్ళోనైనా ముందు నిండేది నడిమి సీట్లేనట. అవి బోసిగా ఉంటే రాత్రి రైలుకే వెళ్ళిపోతాడు. ఇంకో ఊరు అప్పుడే దండలు పట్టుకుని కూర్చుంది."

"శనివారానికి ఇంకా టైముంది," అంది గిలేన్, గేరు మారుస్తూ. "నువ్వు ముందు టోపీ పెట్టుకో. చెవులు ఊడిపోతాయి."

ఎలా నింపాలో మాత్రం ఆమెకూ తెలియలేదు. ఆదివారం మధ్యాహ్నం వంతెన మీద తెలిసింది.

ఆదివారం బస్సు అత్తారిళ్ళ బస్సు. అటువైపు అల్లుళ్ళు ఇటు, ఇటువైపు కోడళ్ళు అటు. ఒకరి ఒడిలో మాంసం కూరిన రొట్టె, ఇంకొకరి ఒడిలో ఏలకుల వాసనతో గుమగుమలాడే తీపి రొట్టె. గిలేన్ పైనున్న అద్దంలోకి చూసింది. వరుసగా జంటలు. ఒకరి భుజం మీద ఇంకొకరు తల వాల్చి, ఒకే దుప్పటి కప్పుకుని. శనివారం ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళంతా ఆదివారం ఆమె బస్సులో పక్కపక్కనే ఉన్నారు. ఆమె వంతెన నడిబొడ్డున బస్సు ఆపేసింది.

"ఇంజను చెడిందా అక్కా?" అన్నాడు ఫెర్నాన్, మిల్లులో పనిచేసే లావుపాటి మనిషి.

"ఇంజను బాగానే ఉంది. మీరే చెడ్డారు." సీట్లోంచి లేచి వెనక్కి తిరిగింది. "నడిమి బెంచీలు మీవి. మిల్లు వాళ్ళకీ కాదు, రైలు వాళ్ళకీ కాదు. నది దాటి పెళ్ళాడినవాళ్ళవి. ఇప్పుడు కూర్చున్నట్టే, ఇలాగే పక్కపక్కన శనివారం అక్కడ కూర్చోండి."

ఒక్కసారిగా గోల లేచింది. ఫెర్నాన్ పెళ్ళాం సిర్కా, రైలు వైపు పిల్ల, అందరికంటే గట్టిగా అరిచింది. "ఈయన పక్కనా? గోలు పడితే చేతికందినవాడి వీపు మీద దరువేస్తాడు. వారానికి ఆ ఒక్క సాయంత్రమే నా వీపుకి సెలవు!"

"మా కాపురం నిలబడిందే విడిగా కూర్చోబట్టి," అన్నాడు వెనక నుంచి ఇంకెవరో.

"మా నాన్న చూస్తే గుమ్మం తొక్కనివ్వడు," అంది ఓడెట్. పెళ్ళై ఏడాది తిరగలేదు ఆ పిల్లకి.

"కట్టుకున్నవాడి పక్కన కూర్చోడానికి మీ నాన్న సెలవు కావాలటే?" అంది గిలేన్. "రేపు నీ కడుపున ఒక కాయ కాస్తే వాణ్ణి ఆడించడానికి హాలెక్కడిదే? నది మీదకి తోస్తావా?"

ఓడెట్ కళ్ళు దించుకుంది. బస్సు కొంచెం చల్లబడింది. ఫెర్నాన్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ సరే అక్కా. ఆర్వో బావ కూర్చుంటాడా? ముందు మీరిద్దరూ కూర్చోండి. మీ వెనకే మేమూ వస్తాం."

"కూర్చుంటాడు," అంది గిలేన్ తడుముకోకుండా. ఆర్వోకి ఈ ముక్క ఇంకా తెలియదు.

సాయంత్రం చెప్పింది. ఆర్వో ఇంటి వెనక ఆవిరిస్నానపు గది పొయ్యికి కట్టెలు చీలుస్తున్నాడు.

"నాన్న కూర్చున్న బెంచీ అది," అన్నాడు. కాసేపటికి, "పక్కన ఎయినో ఉంటాడు," అన్నాడు. ఎయినో అతని తమ్ముడు. ఇంకో కట్టె చీల్చి, "నన్నడక్కుండానే మాటిచ్చావా?" అన్నాడు.

"పాతికేళ్ళలో ఎప్పుడైనా నిన్నడిగి మాటిచ్చానా?"

"లేదు."

"ఎప్పుడైనా తప్పిందా?"

అతను కట్టెలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గిలేన్ కూడా ఎత్తలేదు. ఆర్వోని తొందరపెడితే నిలబడ్డచోటే చెట్టులా వేళ్ళు దిగుతాయని ఆమెకు తెలుసు.

శనివారం లంకలో ఇసకేస్తే రాలనంత జనం. రెండు జట్లకూ అదే ఆఖరి ఆట. ప్రూయిట్ పైన గాజుగదిలో డన్‌స్టన్ పక్కన కూర్చున్నాడు. బూడిదరంగు కోటు వేసుకున్న పొట్టిమనిషి. గిలేన్ తిన్నగా వెళ్ళి, ఖాళీగా ఉన్న నడిమి బెంచీల్లో సరిగ్గా మధ్యన కూర్చుంది. ఆర్వో తిన్నగా వెళ్ళి ఎయినో పక్కన కూర్చున్నాడు.

బస్సులో మాట్లాడుకున్న జంటలన్నీ ఎవరి చివర వాళ్ళు నిలబడి చూస్తున్నాయి. ఆట మొదలైంది. రెండు వైపుల నుంచీ కేకలు కూడా మొదలయ్యాయి.

"గిలేన్, బస్సు తప్పిపోయిందా? అక్కడ స్టాపు లేదే!"

"ఇన్సూరెన్సు అమ్ముతున్నావా ఏంటి?"

"ఒసే, పుట్టింటివాళ్ళం మేం కనబడట్లేదా?" ఇది ఆమె సొంత అన్న గొంతు.

గిలేన్ చేతి తొడుగులు సర్దుకుని ఆట చూస్తూ కూర్చుంది. పైకి చూస్తే డన్‌స్టన్ ప్రూయిట్‌కి ఏదో చెబుతున్నాడు. ప్రూయిట్ వాచీ చూసుకుంటున్నాడు.

అంతలో రైలు వైపు నుంచి ఎయినో లేచి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "వదినా! మొగుడు వదిలేసిన దానిలా ఒక్కదానివే కూర్చున్నావేం?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ఆర్వో లేచాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, ఏదో ఒక్క మాటన్నాడు. అది ఏమిటో ఎయినో ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆర్వో బెంచీల మధ్య నుంచి, జనం కాళ్ళు తొక్కుకుంటూ, నింపాదిగా నడిచి వచ్చాడు. నవ్వు సద్దుమణిగింది.

"జరుగు," అన్నాడు.

బెంచీ అంతా ఖాళీయే. అయినా గిలేన్ జరిగింది.

వాళ్ళ వెనక వరుసలో మొదట ధడేల్మని కూర్చున్నది ఫెర్నాన్. సిర్కా కొంచెం దూరంగా కూర్చుని, వీపు వెనక బెంచీకి ఆనించుకుంది. తర్వాత ఓడెట్ మొగుడి చొక్కా పట్టుకుని, తండ్రి వైపు చూడకుండా, తలొంచుకుని వచ్చింది. ఆ పైన లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. విరామం అయ్యేసరికి నడుమ ఖాళీగా ఉన్న బెంచీ లేదు. చివరల్లోనే అక్కడక్కడా సందులు కనబడ్డాయి.

విరామం తర్వాత రైలు జట్టు గోలు కొట్టింది. రిఫరీ చెయ్యెత్తి కాదన్నాడు. కర్రలతో కొట్టే నల్లబిళ్ళ కంటే ముందే ఆటగాడు నీలం గీత దాటాడట, అలా దాటితే గోలు చెల్లదు. రైలు చివర నుంచి బూతులు, టోపీలు, సగం తిన్న ఆపిల్ పళ్ళు వచ్చి మంచు మీద పడ్డాయి.

"దాటలేదు!" అంటూ సిర్కా మొగుడి మీద లేచింది.

"దాటాడు!" అని ఫెర్నాన్ ముందున్నవాడి వీపు మీద దరువేశాడు. ఆ వీపు ఆర్వోది.

నడిమి బెంచీల మీద ప్రతి జంటా ముక్కూముక్కూ తగిలేలా కేకలేసుకుంటోంది. గాజుగదిలో ప్రూయిట్ ఆట వదిలేసి వీళ్ళనే చూస్తున్నాడు. గిలేన్ కూడా మొగుడి వైపు తిరిగి, పాతికేళ్ళుగా ఇంటికెళ్ళాక అడిగే ప్రశ్నని ఈసారి అక్కడికక్కడే అడిగింది. "చెప్పు. దాటాడా లేదా?"

ఆర్వో నీలం గీతనే చూస్తున్నాడు.

ఆట అయ్యాక ప్రూయిట్ మెట్లు దిగి నేరుగా వాళ్ళ దగ్గరికి వచ్చాడు. వెనక డన్‌స్టన్, టోపీ లేకుండానే.

"ఈ సీట్లు అమ్ముడుపోయాయా?" అని అడిగాడు ప్రూయిట్.

"కూర్చున్నారుగా. రేపు ఆదివారం, అందరూ నా బస్సులోనే ఉంటారు. కొననివాణ్ణి దిగనివ్వను," అంది గిలేన్.

"ఇవాళ మీ కోసం కూర్చున్నారమ్మా. వచ్చే ఏడు మళ్ళీ ఎవరి చివరికి వాళ్ళు పోతే? మీవాళ్ళ అలవాటు డన్‌స్టన్ గారు చెప్పారు."

గిలేన్ నోరు తెరిచేలోపే ఆర్వో మాట్లాడాడు. ఎయినో కూడా అప్పటికి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పోరు," అన్నాడు ఆర్వో. "ఆ చివర నుంచి ఏమీ కనబడదు." తమ్ముడి వైపు చూడకుండా, "వాడు గీత దాటాడు," అన్నాడు.

"అన్నయ్యా!" అన్నాడు ఎయినో.

"దాటాడురా. నువ్వూ వచ్చి ఇక్కడ కూర్చుని చూడు."

ప్రూయిట్ నవ్వలేదు. ఇద్దరితోనూ చెయ్యి కలిపి, మంగళవారం ఫోను చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి రైలు మాత్రం ఎక్కలేదు. మర్నాడు వంతెన మీద అటూ ఇటూ తిరుగుతూ, అత్తారిళ్ళ బస్సులో జంటల్ని చూస్తూ కనబడ్డాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం బస్సు మందుల షాపు మలుపు తిరిగేసరికి డన్‌స్టన్ కోటు లేకుండా, చేతులు ఊపుతూ రోడ్డు మధ్యకి పరిగెత్తుకొచ్చాడు. ప్రూయిట్ ఫోను సంగతి చెప్పబోయాడు కానీ ఎగశ్వాసలో మాట రాలేదు. తల మాత్రం పైకీ కిందకీ ఊపాడు.

"తెలుసు," అంది గిలేన్, తలుపు తీస్తూ. "ఎక్కు. చలిలో చచ్చిపోతావు."

అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, వంతెన ఎక్కి, రైలు వైపు నుంచి మిల్లు వైపు దాకా హారను మీద నుంచి చెయ్యి తియ్యకుండా నడిపింది.